బడిని వెతుక్కుంటూ వెళ్ళిన రాకుమారి

అనగనగా పొగడపురమనే రాజ్యం. దాన్నేలే రాజు చంద్రకేతుడు. ఆయనకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయసేనుడు కత్తి పట్టాడంటే గాలి కూడా పక్కకు తప్పుకునేది. రెండోవాడు వీరసేనుడు బాణం వేశాడంటే గురి తప్పేది కాదు. మూడోది ఆడపిల్ల, హేమలేఖ. ఆరేళ్ళు నిండాయి. ఆ పిల్లకి రెండే రెండు భయాలు.

ఒకటి బడి. ఆ రాజ్యంలో రాజు పిల్లలైనా కుమ్మరి పిల్లలైనా ఒకే చాప మీద కూర్చుని చదువుకోవాలి. విజయదశమికి హేమలేఖను బడిలో వేయాలని ముహూర్తం పెట్టారు. 'గురువుగారు అడిగింది నాకు రాకపోతే? పిల్లలందరూ నవ్వితే? అమ్మ నన్ను అక్కడే మర్చిపోతే?' అని ఆ పిల్లకి ఒకటే బెంగ.

రెండోది పన్ను. ముందుపన్ను ఒకటి కదులుతోంది. తనని పెంచిన దాది ముత్తవ్వ నోట్లో ఒక్క పన్నూ లేదు. 'ఒకటి ఊడితే అన్నీ ఊడతాయి, నేనూ ముత్తవ్వలాగే అయిపోతాను' అనుకుంది హేమలేఖ. ఎవరికీ చెప్పలేదు. నోరు గట్టిగా మూసుకుంది. చెరుకుముక్క ఇచ్చినా వద్దని తల ఊపింది.

విజయదశమి పొద్దున రాణి పట్టుపరికిణీ పట్టుకుని వస్తే పిల్ల కనబడలేదు. మంచం కింద ముడుచుకుని పడుకుని, "దేవుడా దేవుడా, ఆ బడి మాయమైపోవాలి" అని మొక్కుకుంటోంది.

సరిగ్గా అప్పుడే ఆకాశం నల్లబడింది. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు ఉన్నాడు. చదువొచ్చినవాళ్ళు తన మాయలకు లొంగరని వాడికి కడుపుమంట. సుడిగాలిలా వచ్చాడు. బడిని గురువుగారితో, పిల్లలతో, పలకలతో సహా పెకలించి చంకన పెట్టుకున్నాడు. "ఏడు సముద్రాలు దాటి వచ్చి తీసుకోండి, చూద్దాం!" అని అరిచి మాయమైపోయాడు.

బడి పోయిందని వినగానే హేమలేఖ మంచం కింద నుంచి గెంతుతూ బయటికి వచ్చింది. కానీ వీధిలో కుమ్మరి పైడమ్మ గుండెలు బాదుకుంటోంది. "నా బంగారి తల్లీ! సద్దన్నం కూడా సగమే తిని వెళ్ళావే!" అని ఏడుస్తోంది. అది చూసి హేమలేఖ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

పెద్దన్న కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. చిన్నన్న విల్లు పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. అప్పుడు హేమలేఖ తండ్రి ముందు నిలబడింది.

"నాన్నగారూ, నేను వెళ్తాను."

"బడికి వెళ్ళమంటే మంచం కింద దూరిన దానివి, సముద్రాలెలా దాటతావమ్మా?"

"బడి పోవాలని మొక్కుకున్నది నేనే నాన్నగారూ. తీసుకురావలసింది కూడా నేనే."

రాజు వద్దనేలోపే రాణి కళ్ళు తుడుచుకుని, అటుకులు, బెల్లం మూటకట్టి కూతురి భుజానికి తగిలించింది.

హేమలేఖ నడిచీ నడిచీ ఒక కీకారణ్యంలోకి చేరింది. అక్కడ ఒక దుప్పి కొమ్ము చెట్టు పంగలో ఇరుక్కుని గింజుకుంటోంది. పాప రెండు చేతులతో పట్టి లాగింది. కొమ్ము పుటుక్కున ఊడి వచ్చింది.

"అయ్యయ్యో! ఊడిపోయింది!" అని ఏడ్చింది పాప.

దుప్పి నవ్వింది. "ఏటా ఊడుతుందమ్మా. ఏటా మొలుస్తుంది, పాతదానికంటే పెద్దది. ఎక్కు నా వీపు మీద!" అంది. పాపని సముద్రం ఒడ్డున దించింది.

ఒడ్డున ఒక ముసలి మొసలి నోరు తెరుచుకుని మూలుగుతోంది. పళ్ళ మధ్య పెద్ద ఎముక ఇరుక్కుంది. పాప కళ్ళు మూసుకుని, చేయి పెట్టి లాగింది. ఎముకతో పాటు పన్ను కూడా వచ్చేసింది.

"అయ్యయ్యో! పన్ను ఊడిపోయింది!"

"పోనీలే తల్లీ. నాకిలా ఎన్ని ఊడాయో, ఎన్ని మొలిచాయో! లెక్కపెట్టడం నాకు రాదు. ఎక్కు నా వీపు మీద!" అంది మొసలి. ఉప్పు సముద్రం దాటింది, పాల సముద్రం దాటింది, ఏడు సముద్రాలూ దాటించి పాపని కరాళుడి కోట దగ్గర దించింది.

కోటగోడ పక్కన ఒక నాగుపాము రాళ్ళ సందున కుబుసం చిక్కుకుని కొట్టుకుంటోంది. పాప ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా మెల్లగా కుబుసాన్ని లాగింది. పాము నిగనిగలాడుతూ బయటికి వచ్చింది.

"నీకు భయం వేయదా?" అని అడిగింది పాప.

"ఎందుకు వేయదూ? ప్రతిసారీ వేస్తుంది. కుబుసం విడిచే ముందు నాకు కళ్ళు కూడా సరిగ్గా కనబడవు. అయినా విడుస్తాను. విడవకపోతే పెరగను కదా!" అని పాము, "ఇక విను. మాంత్రికుడి ప్రాణం పెరట్లో బంగారు పంజరంలోని చిలుకలో ఉంది. దాని తల్లి పిలిచినట్టు ఈల వేస్తేనే అది నీ చేతికొస్తుంది. ముందుపళ్ళ సందులోంచి గాలి వదిలితేనే ఆ పిలుపు వస్తుంది. మీ అన్నలు నోటినిండా పళ్ళు పెట్టుకుని ఈల వేశారు. చిలుక కదల్లేదు. మాంత్రికుడు విని, ఇద్దరినీ రాళ్ళు చేశాడు" అని చెప్పింది.

హేమలేఖ పెరట్లోకి వెళ్ళింది. రెండు రాళ్ళు. ఒకటి పెద్దన్న, ఒకటి చిన్నన్న. పంజరంలో పచ్చటి చిలుక. పాప ఈల వేసింది. చిలుక తల కూడా తిప్పలేదు. ఆ చప్పుడుకి కోటలోంచి ధన్ ధన్ మని అడుగులు వినిపించాయి.

"ఎవరది? నా పెరట్లో ఎవరది?"

పాప కదిలే పన్ను మీద నాలుక పెట్టింది. 'ఊడితే ఊడనీ! దుప్పికి మొలవలేదా? మొసలికి మొలవలేదా?' అనుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క తోపు తోసింది.

టక్!

పన్ను అరచేతిలో పడింది. బియ్యపు గింజంత రక్తం. అంతే! పాప ఆ సందులోంచి గాలి వదిలింది. "స్స్‌వీఈఈ!" పంజరం తలుపు తెరుచుకుంది. చిలుక రివ్వున ఎగిరి వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది.

కరాళుడు తాటిచెట్టంత ఎత్తున వచ్చి నిలబడ్డాడు. చిలుకను చూడగానే మోకాళ్ళ మీద పడ్డాడు. "తల్లీ! నా ప్రాణం నాకిచ్చెయ్యి!"

"ముందు మా అన్నల్ని మనుషుల్ని చెయ్యి."

చేశాడు.

"మా బడిని, పిల్లల్ని, గురువుగారిని ఎక్కడివాళ్ళని అక్కడ దించు."

దించుతానన్నాడు. "మరి నా చిలుక?"

హేమలేఖ ఒక్క క్షణం ఆలోచించింది. "నా చదువు పూర్తయిన రోజున ఇస్తాను. ఒట్టు!"

కరాళుడు లోలోపల మురిసిపోయాడు. బడంటే మంచం కింద దూరే పిల్ల ఇదని తన మాయతో ఎప్పుడో చూశాడు. రెండు రోజుల్లో పలక పారేస్తుంది అనుకున్నాడు. "సరే, సరే!" అని అన్నాచెల్లెళ్ళని, బడిని ఎత్తుకుని, వచ్చిన దారినే తీసుకెళ్ళి పొగడపురంలో దించాడు. పైడమ్మ పరుగెత్తుకొచ్చి కూతురు బంగారిని చంకనేసుకుంది. ఊరు ఊరంతా డప్పులు మోగించింది.

మర్నాడు పొద్దున హేమలేఖ ఎవరూ లేపకుండానే లేచి బడికి వెళ్ళింది. గడప దగ్గర కాళ్ళు కాస్త తడబడ్డాయి. లోపల నుంచి బంగారి, "ఇటు రా, నా పక్కన చోటుంది!" అని చాప మీద జరిగింది. బంగారి నవ్వితే, ఆమెకీ ముందుపన్ను లేదు. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. గురువుగారు హేమలేఖ వేలు పట్టుకుని బియ్యంలో 'అ' రాయించారు.

ఏళ్ళు గడిచాయి. హేమలేఖకి తెల్లటి కొత్తపన్ను ఎప్పుడో వచ్చింది. ఆమె లెక్కలు నేర్చింది, నక్షత్రాలు చదివింది, ఓడలు కట్టడం నేర్చుకుంది. కరాళుడు ప్రతి విజయదశమికి వచ్చి బడి అరుగు మీద కూర్చునేవాడు. "అమ్మా, చదువు పూర్తయిందా?" అనేవాడు. "ఎక్కడయ్యా, ఇంకా ఎంతో ఉంది!" అనేది. ఇచ్చిన మాట తప్పిందీ లేదు, చిలుకను ఇచ్చిందీ లేదు.

"మమ్మల్ని రాళ్ళలోంచి మనుషుల్ని చేసింది చెల్లెలే, సింహాసనం ఆమెదే" అన్నారు అన్నలిద్దరూ. మంచి లగ్నాన హేమలేఖ తనంత చదువరి అయిన రత్నగిరి రాకుమారుణ్ణి పెళ్ళాడింది. ఊరూరా ఒక బడి కట్టించింది. ఆమె ఏలినంత కాలం వానలు వేళకు కురిశాయి, పంటలు విరగపండాయి, పిల్లలు పరుగెత్తుకుంటూ బడికి వెళ్ళారు.