కొమ్మ మీది మందు

గోగులకోన పేరుకి తగ్గ అడవి. ఎండలు ముదరక ముందే అక్కడి కొండగోగు చెట్లు ఆకులన్నీ రాల్చేసి, ఒళ్లంతా పసుపు పూలు పూసి నిలబడేవి. ఆ అడవిలో ఏనుగులు, దుప్పులు, కుందేళ్లు, అడవిపందులు, ఒంటినిండా పెంకులున్న అలుగులు, చెట్ల మీద కొండముచ్చులు కాపురముండేవి. వాటి మధ్య కొట్లాటలు లేవని కాదు. నీళ్ల దగ్గర రోజూ ఏదో ఒక గొడవ ఉండేది. అయినా జబ్బు చేసినప్పుడు మాత్రం ఆ అడవిలో ఎవరూ ఒంటరిగా మూలుగుతూ పడి ఉండేవారు కాదు.

దానికి కారణం ఎలుగవ్వ. కొండ కింద గుహలో ఉండే ముసలి ఎలుగుబంటి ఆమె. ఏ ఆకు దగ్గుకి పనిచేస్తుందో, ఏ తీగ విరిగిన ఎముకకి కట్టాలో ఆమెకి బాగా తెలుసు. వానలు మొదలైతే ఆకులు కుళ్లిపోతాయి, వేర్లు బూజు పడతాయి. అందుకని వానాకాలానికి కావలసిన మందులన్నీ ఎండాకాలంలోనే నూరి దాచుకోవాలి.

ఆ పనికి అడవంతా తలా ఒక చెయ్యి వేసేది. ఇప్పపూలు రాలే రోజుల్లో ప్రతి కుటుంబమూ తన వాటా తెచ్చి గుహ ముందున్న బల్లపరుపు బండ మీద పెట్టేది. తేనె, కరక్కాయలు, వేర్లు, ఆకులు, ఎవరికి దొరికింది వారు తెచ్చేవారు. వాటితో ఎలుగవ్వ అన్ని కుటుంబాలకీ సరిపడా మందు చేసి, సొరకాయ బుర్రల్లో పోసి మూత పెట్టేది. వానల్లో ఎవరైనా పడకేస్తే ఆ మందు పట్టుకుని వాళ్ల పొదకో, బొరియకో తనే వచ్చేది.

వాటాలన్నీ ఒకే బండ మీద ఉంటాయి కదా, ఎవరిది ఎంతో అందరికీ కనిపించేది. చిక్కు అక్కడే వచ్చింది.

ఆ అడవిలో మోరన్న అనే అడవిపంది ఉండేవాడు. పెద్ద కోరలు, అంతకన్నా పెద్ద మాటలు. భార్య పేరు మట్టమ్మ. ఇంటినిండా పిల్లలు. అందరిలోకీ చిన్నది చారిక. అడవిపంది పిల్లలకు పుట్టుకతో వచ్చే చారలు దాని ఒంటి మీద ఇంకా మాసిపోలేదు. పాపం, వానాకాలం వస్తే చాలు, దానికి ఆయాసం మొదలయ్యేది. పోయిన వానల్లో ఎలుగవ్వ అడ్డసరం ఆకు రసంలో తేనె కలిపి తాగించబట్టి గట్టెక్కింది.

ఆ ఏడు మోరన్న తన వాటా బండ మీద పెట్టి ఊరుకోలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. అన్ని వాటాలనూ తన వాటాతో పోల్చి చూశాడు. చూసిన కొద్దీ కడుపు మండింది.

"ఎలుగవ్వా, ఇదేం న్యాయం? నావి మూడు బుట్టల తేనెపట్లు. ఆ కుందేలు దూదమ్మది చూడు, ఒక్క దొన్నె! నాకన్నా వాళ్లింట్లోనే పిల్లలెక్కువ కదా!" అని నలుగురూ వినేలా అరిచాడు. ఆ దొన్నెను మోరతో కదిపి పకపకా నవ్వాడు కూడా.

దూదమ్మ చెవులు వాలిపోయాయి. ఆ దొన్నెడు తేనె కోసం ఆమె ఎన్ని తేనెపట్ల చుట్టూ తిరిగిందో ఆమెకే తెలుసు.

"నాయనా మోరన్నా! దూదమ్మ పిల్లకి ఒక్క చుక్క మందు చాలు. నీ పిల్లకి దోసెడు పోయాలి. ఆ ఏనుగులను చూడు, గుట్టగా తెచ్చి పోశాయి. అవి ఏమైనా అన్నాయా?" అంది ఎలుగవ్వ.

"పోయినేడు చారికకి తప్ప మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. మిగతాదంతా దండగేగా!"

"ఏమీ కానందుకు సంతోషించాలి గానీ, దండగంటావేం?"

ఈ మాటలన్నీ తోకన్న అనే కొండముచ్చు చెట్టు మీంచి వింటున్నాడు. ఎలుగవ్వను చూసి తనూ ఈ మధ్యే ఒక మద్ది చెట్టు తొర్రలో మందులు పోగుచేశాడు. చప్పున కిందికి దూకి, మోరన్న పక్కన చేరాడు.

"మోరన్నా, నా దగ్గరికి రా! నాకు ఒక్క బుట్ట చాలు. ఇవే ఆకులు, ఇదే తేనె. నా తొర్రలో చెమ్మన్నది ఉండదు. కొమ్మ మీదకు వచ్చిన వారికి వచ్చినట్టే మందు. లేదన్న మాటే లేదు!"

మోరన్నకి 'ఒక్క బుట్ట' అన్న దగ్గరే చెవులు మూసుకుపోయాయి. మిగతా మాటలు గాలికి పోయాయి.

పొలుసమ్మ అనే అలుగు అక్కడే నిలబడి ఉంది. ఆమె నడక నిదానం, మాట ఇంకా నిదానం. తొందరపడి ఏదీ చేయని మనిషి అంటారే, అలాంటి అలుగు. ఆమె తన వాటా ఇంకా బండ మీద పెట్టలేదు.

"నీ తొర్ర ఎంత ఎత్తులో ఉంది తమ్ముడూ?" అని అడిగింది.

"పై కొమ్మల్లో ఉందక్కా. నీకేం భయం? నీకు చెట్టెక్కడం వచ్చుగా!"

"వచ్చు. కాళ్లు బాగున్నప్పుడు వచ్చు. కాలు విరిగిన రోజున ఎక్కగలనా? ఆ రోజు నువ్వు మందు కిందికి తెస్తావా?"

తోకన్న తోక సర్దుకున్నాడు. "ఒక్క బుట్టకి అదంతా ఎక్కడ కుదురుతుందక్కా? అయినా అవన్నీ ఇప్పుడెందుకు? అప్పటి సంగతి అప్పుడు చూసుకోవచ్చు."

"జబ్బు సంగతి జబ్బు లేనప్పుడే మాట్లాడుకోవాలి" అంటూ పొలుసమ్మ తన వాటా తీసుకెళ్లి ఎలుగవ్వ బండ మీద పెట్టింది. తరవాత మోరన్న వైపు తిరిగింది. "మోరన్నా, బుట్టా బుట్టా పోల్చావు. మంచిదే. ఆ బుట్టకి ఏం వస్తుందో అది కూడా పోల్చు."

"చీమలు నాకే దానివి, నాకు చెప్పొచ్చావా!" అన్నాడు మోరన్న.

మట్టమ్మ మొగుణ్ని పక్కకి పిలిచింది. "ఏమయ్యా, చారిక సంగతి మరిచిపోయావా? పోయినేడు దాని ఊపిరి నా కళ్ల ముందే ఆగిపోబోయింది."

"నీకన్నీ భయాలే. రెండు బుట్టల తేనె మిగులుతుంది. పిల్లలు కడుపునిండా తింటారు. బాగా తిన్న పిల్లకి జబ్బెందుకొస్తుంది?" అని మోరన్న తన బుట్టలు వెనక్కి తీసేసుకున్నాడు.

ఎలుగవ్వ అడ్డు చెప్పలేదు. "నీ ఇష్టం నాయనా. ఒక్క మాట మాత్రం విను. వాటా ఇచ్చినవాళ్లకి ఎంత కావాలో అంతే నూరుతాను. వానలు పడ్డాక కొత్తగా నూరాలన్నా అడవిలో పనికొచ్చే ఆకు దొరకదు."

"నాకు ఆ అవసరం రాదులే!" అని మోరన్న కోరలెత్తుకుని వెళ్లిపోయాడు. ఒక బుట్ట తోకన్నకి ఇచ్చాడు. మిగిలిన రెండు బుట్టల తేనెలో పిల్లల నోట్లోకి వెళ్లింది కాస్త, మోరన్న పొట్టలోకి వెళ్లింది కొండంత. కనిపించినవాళ్లకల్లా "మీరెంత ఇచ్చారు? నేను ఒక్కటే ఇచ్చాను" అని చెప్పుకుంటూ తిరిగాడు.

వానలు వచ్చాయి. మామూలు వానలు కావు, ముసురు పట్టి వదలని వానలు. ఏరు పొంగింది. ఏనుగులు మేతకి వెళ్లి ఏటికి అవతలే చిక్కుకుపోయాయి.

ముందు దెబ్బ తగిలింది పొలుసమ్మకి. చీమలపుట్ట తవ్వుతుంటే నానిన మట్టి జారి, ఒక రాయి దొర్లి వెనక కాలి మీద పడింది. కదల్లేక బొరియలో ముడుచుకుంది. కబురు తెలియగానే ఎలుగవ్వ ఆ వానలోనే తడుస్తూ వచ్చి, దాచి ఉంచిన నల్లేరు ముద్దతో కట్టు కట్టింది.

"ఇంత వానలో ఎందుకొచ్చావవ్వా?" అంది పొలుసమ్మ.

"నువ్వు రాలేవు కదమ్మా, అందుకే వచ్చాను" అంది ఎలుగవ్వ.

ఆ తరవాత ఒక మధ్యాహ్నం చారికకి ఆయాసం వచ్చింది. ఈసారి పోయినేటి కన్నా ఎక్కువగా వచ్చింది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీలుస్తోంది, అయినా అందడం లేదు.  మోరన్న పిల్లను మోరతో నెట్టుకుంటూ, మట్టమ్మతో కలిసి మద్ది చెట్టు కిందికి పరుగెత్తాడు.

"తోకన్నా! నా పిల్లకి ఊపిరాడటం లేదు. మందు ఇయ్యి!"

ఆకుల మధ్యనుంచి తోకన్న తల కనిపించింది. "ఇస్తాను, ఎందుకివ్వను? కొమ్మ మీదకు రండి."

"కొమ్మ మీదకా? మేం పందులం! చెట్టెలా ఎక్కుతాం?"

"కొమ్మ మీదకు వచ్చినవారికని ఆ రోజే చెప్పాను కదా! నువ్వేమీ అడగలేదు. పొలుసమ్మక్క ఒక్కతే అడిగింది. ఈ వానకి కొమ్మలన్నీ జారుతున్నాయి, నేనే కాలు కదపలేకపోతున్నాను" అని తోకన్న మళ్లీ ఆకుల్లోకి తప్పుకున్నాడు.

మోరన్నకి ఒళ్లు మండిపోయింది. వెనక్కి వెళ్లి, పరుగున వచ్చి, కోరలతో చెట్టును కుమ్మాడు. ముసలి మద్ది చెట్టు ఆకు కూడా కదపలేదు. మోరన్న కోర ఒకటి ఫట్టున విరిగి బురదలో పడింది. విరిగిన కోర కేసి అతను చూడనైనా చూడలేదు. చెట్టు మొదట్లో చారిక కళ్లు తేలేసింది.

"గుహకి పద" అంది మట్టమ్మ.

"ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"నీ మొహం సంగతి తరవాత. ముందు పిల్ల మొహం చూడు!"

ఇద్దరూ పిల్లను గుహకి చేర్చారు. వానకి తలదాచుకోడానికి వచ్చిన కుందేళ్లు, దుప్పులు అక్కడ ఉన్నాయి. కట్టు విప్పించుకోడానికి పొలుసమ్మా వచ్చింది. ఎలుగవ్వ చారిక డొక్క మీద చెయ్యి పెట్టి చూసింది. మోరన్నను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటేనే అతనికి కాస్త తేలికగా ఉండేది.

"అడ్డసరం రసం ఉంది నాయనా. కానీ అది వాటా ఇచ్చినవాళ్లకి కొలిచి చేసింది. ఇది నా సొత్తు కాదు, నా అంతట నేను ఇవ్వడానికి. వీళ్లు ఒప్పుకోవాలి" అంది.

 మోరన్న తల నేలకి వాలిపోయింది. ఎండాకాలంలో బండ దగ్గర తన నోటి నుంచి వచ్చిన మాటలన్నీ అందరికీ గుర్తున్నాయని అతనికి తెలుసు.

అప్పుడు గుంపులోంచి దూదమ్మ ముందుకొచ్చింది.

"మా వాటా తీసుకో అవ్వా" అంది.

"నీదెంతమ్మా, పిల్లలందరికీ కలిపి నాలుగు చుక్కలు" అంది ఎలుగవ్వ.

"మావీ కలుపు" అంది వెనకనుంచి ఇంకో కుందేలు. "మావి కూడా" అంది మూలనున్న మరో కుందేలు. పొలుసమ్మ కుంటుకుంటూ వచ్చి, "నా వాటాలో దగ్గు మందు అలాగే ఉంది, పోసెయ్" అంది. దుప్పులు కూడా తలలూపాయి. చుక్కా చుక్కా చేరి దోసెడయింది.

ఎలుగవ్వ అందులో తేనె కలిపి కొంచెం కొంచెంగా చారిక గొంతులో పోసింది. పొద్దు వాలేసరికి పిల్ల డొక్కలు ఎగరడం తగ్గింది. ఇంకాసేపటికి కళ్లు తెరిచి, అమ్మ పొట్టలో మోర దూర్చింది. మట్టమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

మోరన్న దూదమ్మ ముందు నిలబడ్డాడు. "నీ దొన్నెను చూసి నవ్వానమ్మా" అన్నాడు.

"నవ్వావు. నాకు చాలా కష్టమేసింది. ఆ రోజంతా తిండి సయించలేదు. అయినా నీ మీద కోపం పిల్ల మీద చూపిస్తామా?" అంది దూదమ్మ.

ఏరు తగ్గాక ఏనుగులు వచ్చాయి. జరిగింది విని, కుందేళ్లకి తరిగిపోయిన మందును తమ వాటాలోంచి పూడ్చాయి.

ఇక తోకన్న సంగతి. మరి కొన్నాళ్లకి తడి కొమ్మ మీంచి జారి అతనే కింద పడ్డాడు. చెయ్యి విరిగింది. మందులన్నీ తొర్రలోనే ఉన్నాయి. ఎక్కడానికి చెయ్యి లేదు. తన చెట్టు కిందే కూర్చుని, తన మందు వైపే మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. తనదాకా వస్తే గానీ తెలియదంటారు కదా! చివరికి విరిగిన చెయ్యి పట్టుకుని ఎలుగవ్వ గుహకే వచ్చాడు. చెయ్యి బాగయ్యాక తొర్రలో ఉన్నదంతా గుహకి దింపుతానని మాట ఇచ్చి కట్టు కట్టించుకున్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. ఇప్పపూలు రాలాయి. అందరికన్నా ముందు బండ దగ్గరికి వచ్చింది మోరన్నే. మిగిలిన ఒక్క కోరతో వేర్లు తవ్వి, అడగకుండానే ఒక బుట్ట ఎక్కువ తెచ్చాడు. చారలు మాసిపోయిన చారిక బండ చుట్టూ గెంతుతోంది.

అది చూసి ఒక కుర్ర దుప్పి వేళాకోళానికి దిగింది. "ఏం మోరన్నా, ఈ ఏడు ఎవరిది ఎంతో పోల్చి చూడవా?"

"చూశాను బాబూ" అన్నాడు మోరన్న. "ఒక పక్క నా బుట్టలు పెట్టాను. ఇంకో పక్క ఆ పిల్ల ఊపిరి పెట్టాను. నా బుట్టలే తేలికగా ఉన్నాయి."

 మోరన్న తన బుట్టలు దించి, దూదమ్మ దొన్నె ఒరిగిపోకుండా ఒక బుట్టను దానికి ఆసరాగా పెట్టాడు.

నీతి: రక్షణ కోసం ఎవరు ఎంత ఇస్తున్నారో పోల్చి చూస్తే చాలదు, ఆపద వచ్చిన రోజున అది మన దాకా వస్తుందా రాదా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.