దేసమ్మ వెతికిన మడ అడవి

అనగా అనగా, సముద్రం ఊళ్లకి ఇంకా మూడు కేకల దూరంలో ఉన్న కాలంలో, గోదావరి పాయ ఒకటి ఉప్పునీళ్లలో కలిసే చోట ఒక పల్లె ఉండేది. ఆ పల్లె పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు. పల్లె పక్కనున్న అడవి మాత్రం అందరికీ తెలుసు. అది మడ అడవి. నీళ్లలో నిలబడే అడవి.

రోజుకి రెండుసార్లు సముద్రం పొంగి ఆ అడవిలోకి వస్తుంది. దాన్ని పోటు అంటారు. రెండుసార్లు వెనక్కి పోతుంది. దాన్ని ఆటు అంటారు. పోటులో చెట్లు నడుముదాకా మునిగి, కొమ్మల మధ్య చేపలు తిరుగుతాయి. ఆటులో నీళ్లు పోయి, బురద మిలమిలా మెరుస్తుంది.

ఆ పల్లెలో దేసమ్మ అని పీతలు పట్టుకు బతికే మనిషి ఉండేది. తాటాకు గుడిసె, పీతల బుట్ట, వెదురు గెడ. అంతే ఆమె ఆస్తి. ఆమె పెనిమిటి బుల్లియ్య. పెళ్లయిన మూడో ఏడు, ఒక పెద్ద పున్నమి పోటు మీద, దోనె వేసుకుని పీతలకని అడవిలోకి వెళ్లాడు.

ఆటు వచ్చింది. బుల్లియ్య రాలేదు.

మళ్లీ పోటు వచ్చింది. బుల్లియ్య రాలేదు.

మళ్లీ ఆటు వచ్చింది. బుల్లియ్య రాలేదు.

ఊరంతా ఒడ్డున నిలబడి మూడు రోజులు పిలిచింది. లోపలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. మొదటి మలుపు దాటితే కాలవలు ఒకదాంట్లోంచి ఒకటి చీలిపోతాయి. ఏది ఎటు పోతుందో తెలీదు. నాలుగో రోజున ఊరు ఊరుకుంది.

దేసమ్మ ఊరుకోలేదు. పుట్టింటివాళ్లని బతిమాలి ఒక చిన్న దోనె తెచ్చుకుంది. నలుగురు ఎక్కితే నీళ్లు అంచుదాకా వచ్చేంత చిన్న దోనె. అది వేసుకుని వెతకడం మొదలుపెట్టింది. పోటు మీద లోపలికి, ఆటు మీద బయటికి. ఒకరోజు ఒక కాలవ, మర్నాడు ఇంకో కాలవ. ఏళ్లు గడిచాయి. కాలవలన్నీ ఆమెకి ఇంటి గదుల్లా తెలిసిపోయాయి. బుల్లియ్య మాత్రం కనబడలేదు.

ఒకనాడు గాజులమ్మే ముసలామె రేవులో కూర్చుని, అవతలి ఊరు దాటే పడవ కోసం చూస్తోంది. దేసమ్మ దోనె తోయడం చూసి అడిగింది.

"ఎక్కడికే అమ్మా?"

"అడివిలోకండి."

"ఏవుందక్కడ?"

ఇంతకుముందు దేసమ్మని ఎవరూ అలా అడగలేదు. "తెలీదండి. చూత్తన్నాను," అంది.

"అయితే నేనూ చూస్తానే," అని ముసలామె గాజుల మలారం ఒళ్లో పెట్టుకుని దోనె ఎక్కేసింది.

పోటు మీద లోపలికి వెళ్లారు. నీళ్లు తియ్యడం మొదలవగానే బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్లు వేలకి వేలు కనబడ్డాయి. "ఇవేంటే, ఇలా పైకొచ్చాయి?" అంది ముసలామె. "బురదలో ఊపిరాడదు కదండి. ఊపిరి తీసుకోడానికొచ్చాయి," అంది దేసమ్మ. టప్, టప్ అని బురదలో బుడగలు పేలుతున్నాయి. అడవంతా నిద్రలో ఉన్న పిల్లలా మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుంది. ఆటు మీద బయటికి వచ్చాక ముసలామె దేసమ్మ చేతికి రెండు ఆకుపచ్చ గాజులు తొడిగింది. ఆ తర్వాత తిరిగిన ప్రతి ఊళ్లోనూ ఆ అడవి సంగతి చెప్పింది.

అలా ఒకరు విని ఒకరు రావడం మొదలైంది. కొత్తగా పెళ్లయిన జంట వచ్చింది. నీటికుక్కలు తల్లీ పిల్లలూ వరసగా కాలవ ఈదడం చూసి, పెళ్లికూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పిల్లలకి చదువు చెప్పే పంతులుగారు వచ్చారు. మడకాయ చెట్టుమీదుండగానే మొలకెత్తి, మొలకగానే నీళ్లలోకి జారడం చూసి, "తల్లి ఒళ్లోనే నడక నేర్చుకున్నట్టుందమ్మా!" అన్నారు. ఎవరొచ్చినా దేసమ్మ ఒకే మాట చెప్పేది. "ఆకు తుంపకండి. కేకెయ్యకండి. నేను దిగమనేదాకా దిగకండి." వాళ్లు అడవి చూసేవాళ్లు. ఆమె అడవిలో తన మనిషిని చూసేది.

ఇలా ఉండగా జమీందారు దివాణానికి ఇటుక బట్టీలు పెట్టాలని బుద్ధి పుట్టింది. బట్టీలకి కట్టె కావాలి. మెట్ట ఊళ్ల నుంచి తొమ్మిది మంది కూలీలు గొడ్డళ్లు పట్టుకుని వచ్చారు. వాళ్లలో మేస్త్రీ గుర్నాథం. ఆటు వేళ బురద గట్టిగా కనబడుతోంది. "నడిచిపోదాం పదండి," అన్నాడతను.

దేసమ్మ ఎదురెళ్లింది. "బాబూ, ఇయ్యాల వద్దు. ఇది పెద్ద పున్నమి. ఏడాదికోసారొచ్చే పోటు. మనిషిని ముంచేత్తది."

"అడివి కొట్టనియ్యకూడదని చెప్తున్నావులే," అన్నాడు గుర్నాథం. తొమ్మిది మందీ నవ్వుకుంటూ లోపలికి నడిచారు.

పొద్దు నడినెత్తి మీంచి వాలింది. పోటు మొదలైంది. అది రోజూ వచ్చే పోటు కాదు. కాలవలు నిండాయి. గట్లు మునిగాయి. అడవి లోపల్నించి కేకలు వినబడ్డాయి.

ఊరంతా ఒడ్డుకి వచ్చింది. ఎవరూ కదల్లేదు. దేసమ్మ పక్కింటి ముత్యాలు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "పోనియ్యే. మన అడివి నరకడానికొచ్చినోళ్లు. నీకేటి వాళ్లు?"

దేసమ్మ చెయ్యి విడిపించుకుంది. దోనె నీళ్లలోకి తోసింది.

మొదటిసారి వెళ్లి ముగ్గుర్ని తెచ్చింది. వాళ్లు చెట్టుకొమ్మలు పట్టుకుని మెడలోతు నీళ్లలో వేలాడుతున్నారు. ఒడ్డున దింపింది.

రెండోసారి వెళ్లి ముగ్గుర్ని తెచ్చింది. అప్పటికి నీళ్లు కొమ్మల్ని దాటాయి. ఒడ్డున దింపింది.

మూడోసారి వెళ్లేటప్పటికి ఆమె భుజాలు లేవడం లేదు. గుర్నాథం, ఇంకో ఇద్దరూ పోటుకి కొట్టుకుపోయి అడవి నడిబొడ్డున చిక్కుకున్నారు. ఆ చోటికి దేసమ్మ ఇన్నేళ్లలో ఎప్పుడూ వెళ్లలేదు. మామూలు పోటుకి దోనె పోయేంత నీళ్లు అక్కడుండవు, ఆటుకి కాలు పెడితే మొలలోతు దిగబడిపోతుంది. పెద్ద పున్నమి పోటొకటే ఆ దారి తెరుస్తుంది. ప్రతి ఏడూ ఆ పోటుకి ఊరివాళ్లు ఆమెని పట్టుకుని ఆపేసేవాళ్లు, బుల్లియ్య పోయింది ఆ పోటుకే కదా అని.

గుర్నాథం రెండు కళ్లూ మూసుకుపోయి ఉన్నాయి. తిల్లచెట్టు మీద గొడ్డలి వేస్తే ఆ పాలు చింది కళ్లల్లో పడ్డాయి. చేత్తో తడుముకుంటూ దోనె ఎక్కాడు. మిగతా ఇద్దరూ ఎక్కి, చలికి ముడుచుకుని తలలు మోకాళ్ల మధ్య పెట్టుకున్నారు. నీళ్లు దోనె అంచుదాకా వచ్చాయి.

గెడ వేసి తిప్పబోతూ దేసమ్మ ఆగిపోయింది.

ఎదురుగా రెండు చెట్ల మధ్య ఒక పాత దోనె ఇరుక్కుని ఉంది. పక్కచెక్కలు పోయి ఎముకల గూడులా ఉంది. దాని నడుమ నుంచి ఒక మడచెట్టు పైకి లేచింది. మనిషంత ఎత్తు. లేతాకులతో తళతళలాడుతోంది. దోనె ముక్కు మీద మూడు గీతలున్నాయి. పెళ్లయిన కొత్తలో బుల్లియ్య తన చేత్తో చెక్కిన మూడు గీతలు.

నీళ్లు అప్పుడే వెనక్కి తిరుగుతున్నాయి. ఇంకాసేపుంటే దోనె బురదలో కూరుకుపోతుంది. నలుగురూ అక్కడే ఉండిపోతారు.

"ఎందుకాపావమ్మా?" అన్నాడు కళ్లు కనబడని గుర్నాథం.

దేసమ్మ ఆ చెట్టు వైపు ఒక్కసారి చూసింది. కళ్లనిండా చూసింది. తర్వాత గెడ నీళ్లలోకి దించింది.

"ఏం లేదు నాయనా. పోదాం," అంది.

ఆటు మీద బయటికి వస్తుంటే గుర్నాథం వణుకుతూ అడిగాడు. "మేం నీ మాట వినలేదు. నీ అడివి కొట్టడానికొచ్చాం. మాకోసం ఎందుకొచ్చావమ్మా?"

"నీకు ఇంటికాడ ఎవరున్నారు?"

"పెళ్లాం. ఇద్దరు ఆడపిల్లలు."

"ఎదురుచూడ్డం ఎలాగుంటదో నాకు తెలుసు నాయనా. నీ పెళ్లానికి తెలవక్కర్లేదు," అంది దేసమ్మ.

మూడు రోజులు ఆమె గుడిసెలో పడుకుంటే గుర్నాథానికి చూపు వచ్చింది. వెళ్లేటప్పుడు, నీళ్లలో పోగా మిగిలిన గొడ్డళ్లన్నీ కాలవలో పడేసి వెళ్లారు. దివాణం ఇంకోసారి మనుషుల్ని పిలిపించింది. ఎవరూ రాలేదు. ఇంకోసారి పిలిపించింది. ఎవరూ రాలేదు. మూడోసారి బట్టీల మాటే మానుకుంది.

ఆ తర్వాత దేసమ్మ వెతకడం మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదు. చూడ్డానికొచ్చేవాళ్లని మాత్రం ఎప్పట్లాగే దోనెలో తిప్పేది. ఇప్పుడామె ముఖం తేటగా ఉండేది. జుట్టు కొంగరెక్కలా తెల్లబడింది.

ఒక ఏడు పెద్ద పున్నమినాడు, వెలుగు రాగానే ముత్యాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నీకు గుండెకాడ నెప్పి అన్నావు. ఇయ్యాల పెద్దపోటు. ఎల్లకు," అంది.

"ఇన్నాళ్లు ఆపారు కదే. ఈ ఒక్కసారికి ఎల్లనియ్యి," అని దేసమ్మ నవ్వింది. కొత్త చీర కట్టుకుంది. దోనె ఎక్కింది. పోటు మీద లోపలికి వెళ్లింది.

ఆటు వచ్చింది. ఆటు మీద దోనె ఒక్కటే బయటికి వచ్చింది. మెల్లగా, తిన్నగా, ఎవరో తోసి పంపినట్టు రేవుకి వచ్చి ఆగింది. లోపల గెడ సర్ది పెట్టి ఉంది.

ఈసారి ఊరు ఒడ్డున నిలబడలేదు. పదకొండు దోనెలు అడవిలోకి దిగాయి. ముత్యాలు ముందు దోనెలో కూర్చుంది. మూడు రోజులు తిరిగారు. వెతుకుతూ వెతుకుతూ, ఆ ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లు ఆ అడవిని మొదటిసారి చూశారు. ఊపిరి తీసే వేళ్లని చూశారు. నీళ్లలోకి జారే మొలకల్ని చూశారు. ముసలాళ్లు పసిపిల్లల్లా తలెత్తి చూశారు. మూడో రోజు, పెద్దపోటు జోరు పూర్తిగా తగ్గకముందే నడిబొడ్డు చేరి, పాత దోనెలోంచి మొలిచిన చెట్టు చూశారు. దోనె ముక్కు మీద బుల్లియ్య చెక్కిన మూడు గీతలు గుర్తుపట్టారు. చెట్టుకొమ్మకి రెండు ఆకుపచ్చ గాజులు వేలాడుతున్నాయి. దేసమ్మ లేదు. ఆనాడు దోనె మధ్యలో ఆగిందని గుర్నాథం ఊళ్లో చెప్పి వెళ్లాడు; అది ఎక్కడ ఆగిందో, ఎందుకాగిందో అప్పుడు అందరికీ తెలిసింది.

కాలవలు ఎటుపడితే అటు చీలిపోతుంటే, ఎవరూ తప్పిపోకూడదని పెద్దాయన గురవయ్య ప్రతి మలుపులోనూ పేర్లు పిలుస్తూ వచ్చాడు. పిలిచినవాళ్లు "ఉన్నాను" అనాలి. ఊరు కనబడే మొదటి మలుపు దగ్గర ఆఖరిసారి పిలిచాడు. అందరూ పలికారు. పిలిచే నోరు ఆగక, "దేసమ్మా!" అనేశాడు.

ఎవరూ పలకలేదు. ఆకుల మీంచి నీటిచుక్కలు రాలిన చప్పుడు వినబడింది. లకుముకి పిట్ట ఒకటి కాలవ దాటింది.

అప్పుడు ముత్యాలు నీళ్లకేసి చూస్తూ అంది. "ఉంది."

ఆ నాటి నుంచి ఆ ఊరివాళ్లే పడవలు నడుపుతున్నారు. ఇప్పుడు ఎక్కడెక్కడి పట్నాల నుంచో జనం బస్సుల్లో వస్తారు మడ అడవి చూడ్డానికి. ఇంజను పడవలొచ్చాయి. చెక్కల వంతెన వేశారు. అయినా తిరిగొచ్చేటప్పుడు, మొదటి మలుపు దగ్గర పడవాయన ఇంజను ఆపుతాడు. ఒక్కొక్కరి పేరూ పిలుస్తాడు. ఒక్కొక్కరూ "ఉన్నాను" అంటారు. పిల్లలు కాస్త గట్టిగా అంటారు. ఆఖర్న ఆయన "దేసమ్మా!" అని పిలుస్తాడు.

కొత్తవాళ్లు ఆవిడెవరని అడుగుతారు. "ఒడ్డుకెళ్లాక చెప్తానండి. ముందు ఉంది అనండి, ఆయ్," అంటాడు.

పడవలో ఉన్నవాళ్లంతా ఆ మాట అంటారు. అన్నాకే పడవ కదులుతుంది.