నూకాలు కుండ

పొగాకు పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని, కొత్తాకు కాల్చేవాడు వట్టి మూర్ఖుడని దొర రోజూ కోటలో చాటేవాడు. ఎదురు చెప్పే గుండె ఎవరికుంది?

ఊరి చివర నూకాలు ఇంట్లో ఒక పొగాకు కుండ ఉందని ఆయన చెవిన పడింది. ఆమె మొగుడు పోయేముందు బెల్లం నీళ్లు చిలకరించి, ఆకు అదిమి, మట్టితో మూతి మూసిన కుండ అది. ఆ ఇంట్లో ఆమెకు తోడు అదొక్కటే.

దొర చిలుం పట్టుకుని పరివారంతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమే నూకాలూ, ఆ కుండ తే."

"తెస్తాను దొరా. వచ్చే ఏటికి దీని రుచి పెరుగుద్దా, తరుగుద్దా?"

"పెరుగుతుంది! ఆ మాత్రం తెలీదా?"

"అయితే ఇయ్యాల కాలిస్తే తొందరపడి కొత్తాకు కాల్చినట్టే కదయ్యా. ఆ పేరు తమకెందుకు?"

పరివారం నవ్వు మింగింది. దొర చిలుం మొలలో దోపుకున్నాడు. "వచ్చే ఏడు వస్తా."

ఏటేటా వచ్చాడు. అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పి వెళ్లాడు. నూకాలు ఇంటికి వచ్చే మనిషంటూ ఆయనొక్కడే మిగిలాడు.

ఒక ఏడు దొర రాలేదు. పోయాడని కబురొచ్చింది.

కుండ ఇక అడిగేవాళ్లు లేరు. నూకాలు మూతి మట్టి పగలగొట్టి, మొగుడి చిలుం నింపి, ఖాళీ అరుగు మీద పెట్టింది.

"కాల్చు దొరా, ఇంక పాతబడేది లేదు," అంది.