అక్కులమ్మ అరచెయ్యి

అనగనగా అంటే ఎంత అనగనగానో నాకూ తెలియదు. మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. అప్పట్లో ఎర్రగుట్ట కింద ముప్పై ఇళ్ళే ఉండేవి. ఆ ముప్పై ఇళ్ళ సందడి ఒకెత్తు, ఒక్క ఇంటి సందడి ఒకెత్తు. అది అక్కులమ్మ ఇల్లు.

ఆ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్ళో చెబుతా, ఊఁ కొడుతూ వినండి. అత్త నాగక్క ఒకతి. మొగుడు పుల్లన్న ఒకడు. పిల్లలు ఆరుగురు. పాడి బర్రెలు రెండు, గొర్రెలు పదహారు, చెప్పిన మాట వినని మేక ఒకటి. వీళ్ళందరికీ కలిపి అక్కులమ్మ ఒక్కతే. పొద్దున కల్లాపి చల్లింది మొదలు సంగటి కుండ కడిగి బోర్లించేదాకా ఆమె చేతులకు తెరిపి ఉండేది కాదు.

అయినా ఆమెకొక సరదా ఉండేది. బొంతలు కుట్టడం.

సరదా అని ఎందుకంటున్నానంటే, అది ఎవరో చెప్పిన పని కాదు. అది చేయకపోతే ఇంట్లో ఎవరికీ ముద్ద తక్కువయ్యేది కాదు. చేస్తే మాత్రం అక్కులమ్మ మొహం కళకళలాడేది. చీర చినిగితే ఎవరైనా మసిగుడ్డ చేసుకుంటారు. ఆమె దాన్ని ఉతికి, ఎండేసి, మడిచి దాచేది. ఊళ్ళో ఏ ఇంట్లో గుడ్డ పాతబడినా "అక్కులమ్మకిచ్చి రా పో" అనేవాళ్ళు. నాలుగు పాత చీరలు ఒకదాని మీద ఒకటి అరుగు మీద పరిచేది. పైన రంగురంగుల ముక్కలు పేర్చేది. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిప్పుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చేది.

మరి ఇన్ని పనుల్లో ఎప్పుడు కుట్టేది అని అడగరేం? ఎసరు మరిగేలోపు నాలుగు కుట్లు. దూడ తాగి బర్రె పాలు చేపేలోపు నాలుగు కుట్లు. చంటిది నిద్రలోకి జారేలోపు నాలుగు కుట్లు. అయిదో కుట్టుకు ఎవరో ఒకరు పిలిచేవాళ్ళు.

"ఏమే అక్కులూ, నా తమలపాకులు యాడ పెట్నావే?" అని అత్త.

"ఏమ్మే, చెర్నాకోల కనపడ్లేదే" అని మొగుడు.

"అమ్మా, మ్యాక దడి దూకింది" అని పిల్లలు.

అక్కులమ్మ విసుక్కునేది కాదు. సూదిని గుడ్డలోకి గుచ్చి లేచేది. లేస్తూ ఎప్పుడూ ఒకే మాట అనేది.

"సూది ఆడ్నే ఉంటాది, నేనే పొయ్యొస్తా."

నాగక్కకు మాత్రం ఆ సూదంటే ఒళ్ళుమంట. "ఆ సూది పట్టుకుంటే కడుపు నిండుతాదా? ఉండే బొంతలు చాలవా? కోటలో దొరసానికైనా ఇంత సోకు ఉండదు" అని రోజుకు మూడుసార్లు సాధించేది. అక్కులమ్మ విని, నవ్వి, ఇంకో నాలుగు కుట్లు వేసేది.

అట్లా కుట్టిన మొదటి బొంత ఆడబిడ్డ పురిటికి పోయింది. రెండోది పక్కింటి ముసలాయనకు చలి అంటే పోయింది. మూడోది మేక నమిలేసింది. నాలుగోది మొదలుపెట్టినప్పుడు అక్కులమ్మ గట్టిగా అనుకుంది. "ఇదొక్కటి నాకోసరం."

ఆ నాలుగో బొంతకు అయిదేళ్ళు పట్టింది. నాలుగేసి కుట్లతో అయ్యేది ఎంతని? అంచు అయింది, చుట్లు అయినాయి, చివరికి నడిమధ్యలో అరచెయ్యంత మాత్రం మిగిలింది. అదిగో, సరిగ్గా అప్పుడు కోట నుంచి బండి వచ్చింది.

కోటలో దొరసానికి చాలాకాలానికి ఒక ఆడపిల్ల పుట్టింది. పుట్టిందే గాని నిద్రపోదు. వెండి తొట్టెలో వేస్తే ఏడుపు. పట్టుపరుపు మీద వేస్తే ఏడుపు. పూలపాన్పు మీద వేస్తే ఇంకా ఏడుపు. వైద్యుడు వచ్చి చూశాడు, రోగమేం లేదన్నాడు. మంత్రగాడు వచ్చి విభూది పెట్టాడు, దిష్టి ఏమీ లేదన్నాడు. బిడ్డకు గొంతు బొంగురు పోయింది, పాలు తాగడం తగ్గింది. అప్పుడు మంత్రసాని అంది. "ఎర్రగుట్ట కింద అక్కులమ్మని ఉంది. ఆయమ్మ ఆడబిడ్డకు నేనే పురుడు పోసినా. ఆయమ్మ బొంత మీద వేస్తే ఏడ్చే బిడ్డ ఇట్టే నిద్రపోయింది."

బండి గుమ్మం ముందు ఆగింది. విషయం విన్న అక్కులమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పసిబిడ్డ ఏడుస్తుందంటే ఏ తల్లి కూర్చుంటుంది? అరుగు మీద బొంతలో సూది గుచ్చింది. "సూది ఆడ్నే ఉంటాది, నేనే పొయ్యొస్తా" అని బండెక్కింది.

కోటలో ఆమెకొక గది ఇచ్చారు. అన్నం గదికే వచ్చేది. నీళ్ళు గదికే వచ్చేవి. "నువ్వు కుట్టడం తప్ప ఇంకే పనీ ముట్టుకోవద్దు" అన్నాడు దొర. మీరైతే ఏమంటారు? ఇంకేం కావాలి అంటారు. అక్కులమ్మ కూడా అట్లాగే అనుకుంది, ఒక్క పూట.

"పాతగుడ్డలు తెప్పించండమ్మా" అంది దాసీలతో.

వాళ్ళు పకపకా నవ్వారు. "కోటలో పాతగుడ్డా? దొరసానమ్మ ఒకసారి కట్టిన చీర మళ్ళీ కట్టదు. విడిచింది విడిచినట్టే గడప దాటిపోతుంది."

"పోనీ, మీవి?"

"మాకూ ప్రతి పండక్కీ కొత్తవే. పాతవి కనపడితే దొరకు నామోషీ."

చేసేది లేక కొత్తగుడ్డ పట్టుకుంది. మొదటి బొంత పట్టుతో కుట్టింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఎవరూ పిలవలేదు. నాలుగు కుట్లు నలభై అయినాయి, నలభై నాలుగువందలయినాయి. లేచే పని లేదు గనక కుట్టు మీద కుట్టు బిగుసుకుంది. బొంత అయ్యేసరికి అది బొంతలా లేదు, తలుపు చెక్కలా ఉంది. బిడ్డను పడుకోబెట్టారు. ఏడ్చింది. రెండో బొంత కొత్త నూలుతో కుట్టింది. ఏడ్చింది. మూడోది సన్నటి మల్లుగుడ్డలో దూది పెట్టి కుట్టింది. దాని మీదా ఏడ్చింది.

"నాలుగోది కుట్టు" అన్నాడు దొర. "బిడ్డ నిద్రపోయేదాకా నువ్వు ఇంటికి పోయేది లేదు. నిద్రపోయినాక కూడా ఎందుకు పోవడం? ఇక్కడే ఉండు, జీతమిస్తా, ఏడాదంతా కుట్టుకో."

ఆ మాటకు అక్కులమ్మ సూది వైపు చూసింది. చెయ్యి ముందుకు పోలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సూదిని చూస్తే పరుగెత్తే చెయ్యి అది. ఇల్లు దూరమైనందుకు ఆమె అప్పటికే దిగులుపడింది. కానీ అసలు భయం అప్పుడు పుట్టింది. ఈ గదిలో ఇంకో నెల ఉంటే తనకు కుట్టంటే ఇష్టం చచ్చిపోతుంది. తనదంటూ ఉన్న ఆ ఒక్కటీ పోతుంది.

అక్కడ ఇంట్లో ఏమైందో ఇప్పుడు చెబుతా. నాగక్కకు నెలరోజులుగా పిలవడానికి మనిషి లేదు. అలవాటు కొద్దీ "ఏమే అక్కులూ" అని పిలిచేది. పలికేవాళ్ళు లేరు. తమలపాకులు ఆమె తలదాపునే ఉండేవి, అయినా నమలబుద్ధి అయ్యేది కాదు. ఒకరోజు అరుగు మీదికొచ్చి ఆ బొంత చూసింది. సూది గుచ్చినచోటే నిలబడి ఉంది. దాని మీద చిన్న తుప్పు చుక్క పడింది.

నాగక్క ఆ చుక్కను పైటకొంగుతో తుడిచింది. ఒకసారి తుడిచింది, పోలేదు. రెండోసారి తుడిచింది, పోలేదు. మూడోసారికి ఆమెకు ఏడుపొచ్చింది.

సూదిని కదపకుండా బొంత మడిచి నెత్తిన పెట్టుకుంది. కర్ర పట్టుకుంది. కొడుకు వద్దంటున్నా, మనవళ్ళు వద్దంటున్నా రెండామడలు నడిచింది. కోట వాకిట్లో కాపలావాళ్ళు అడ్డం నిలబడ్డారు. ముసలామె వాళ్ళను పట్టించుకోలేదు. తలెత్తి, గొంతెత్తి పిలిచింది.

"ఏమే అక్కులూ! నా తమలపాకులు యాడ పెట్నావే?"

లోపల గదిలో అక్కులమ్మ చేతిలో సూది అట్లాగే ఆగింది. నెల తర్వాత పిలుపు. గుడ్డలో సూది గుచ్చి ఒక్క గెంతున లేచింది. "సూది ఆడ్నే ఉంటాది, నేనే పొయ్యొస్తా" అంది. అన్నాక ఆమెకే నవ్వొచ్చింది. నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వాకిట్లోకి పరుగెత్తింది.

గోల విని దొర వచ్చాడు, ఏడ్చే బిడ్డను ఎత్తుకుని దొరసాని వచ్చింది. అప్పటికే కోడలి నోట అంతా విన్న నాగక్క భయపడలేదు. అత్తలు ఎప్పుడూ భయపడరు.

"దొరా, బొంత కుట్టడం నా కోడలికి రాక గాదు, మీ ఇంట్లో పాతగుడ్డ లేక. మా ఊళ్ళో పుట్టిన బిడ్డను పెద్దోళ్ళు కట్టి విడిచిన గుడ్డలో చుడతాం. కొత్తగుడ్డ పసిదానికి గరుకు. అందుట్లో మనిషి వాసన ఉండదు" అని నెత్తి మీది బొంత దించి పరిచింది.

దొరసాని వంగి చూసింది. అక్కులమ్మ ఒక్కో ముక్క మీద వేలు పెట్టి చెప్పింది. "ఇది మా మామ తలగుడ్డమ్మా. ఇది మా అత్త పెండ్లినాటి చీర. ఇది గొర్రెల ఓబన్న పంచె, శానా వానలు చూసింది."

"మధ్యలో కుట్టలేదే?" అంది దొరసాని.

అక్కులమ్మ సిగ్గుపడింది. "తీరలేదమ్మా."

సూదిని తీసి కొంగుకు గుచ్చుకుంది. బిడ్డను అందుకుంది. కుట్టు పడని ఆ అరచెయ్యంత చోట గుడ్డలు పొరలు పొరలుగా వదులుగా, మెత్తగా ఉన్నాయి. బిడ్డ వీపు సరిగ్గా అక్కడ ఆనేట్టు పడుకోబెట్టింది. బిడ్డ ఒకసారి మూలిగింది. రెండోసారి మూలిగింది. మూడోసారి ఆవలించింది. నిద్రపోయింది.

కోటంతా గప్‌చుప్. కాపలావాళ్ళు చెప్పులు విడిచి చేత పట్టుకుని నడిచారట. దొరసాని అక్కడే నేల మీద కూలబడి, నిద్రపోయే బిడ్డను చూస్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

అది అక్కులమ్మ తనకోసం కుట్టుకున్న ఒకే ఒక్క బొంత. అయినా నిద్రపోయే బిడ్డ కింద నుంచి ఎవరు లాగుతారు? పోతే పోయింది అనుకుంది. దొర మాత్రం ఊరుకోలేదు. "ఇక్కడే ఉండిపో. జీతం నువ్వెంతంటే అంత" అన్నాడు.

అప్పుడు అక్కులమ్మ అన్న మాట మా ఊళ్ళో పిల్లలకు కూడా నోటికొచ్చు. "దొరా, చేసేది పనైతే కూలి తీసుకుంటా. ఇది నా సరదా. దీనికి జీతం కడితే ఇదీ పనైపోతాది. పనికేం, నాకు ఇంటికాడ శానా ఉంది."

ఈసారి దొరసాని అడిగింది. "మరి నీకేం ఇచ్చేది అక్కులమ్మా?"

"నీ చీర ఒకటియ్యి తల్లీ. పాతది."

"నాకు పాత చీర లేదే."

"అయితే పాతదయ్యేదాకా కట్టు. నాకేం తొందర లేదు."

అత్తాకోడళ్ళు ఇంటికొచ్చారు. రెండేళ్ళకు కోట నుంచి మూట వచ్చింది. అందులో వెలిసిపోయిన చీర ఒకటి. పాలమరకలు, పసుపుమరకలు, పిల్ల పళ్ళతో కొరికిన కొంగు. అక్కులమ్మ అంత మురిసిపోవడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కొత్తగా మొదలుపెట్టిన బొంతలో ఆ దొరసాని చీర ముక్కను గొర్రెల ఓబన్న రెండో పంచె ముక్క పక్కన కుట్టింది. చూడ్డానికి పదూళ్ళ జనం వచ్చారు.

నాగక్క మారిపోయిందనుకుంటున్నారా? పిలవడం మానలేదు. కానీ పిలిచేముందు గడప దగ్గర చప్పుడు చేయకుండా నిలబడేది. నాలుగు కుట్లు పడేదాకా లెక్కపెట్టుకునేది. అప్పుడు పిలిచేది.

ఏళ్ళు గడిచాయి. నాగక్క పోయింది. పుల్లన్న పోయాడు. అక్కులమ్మ ముసలిదైంది. ఆ కొత్త బొంత ఇంకా అవుతూనే ఉంది, నడిమధ్యలో మళ్ళీ అరచెయ్యంత మిగిలింది. ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని నాలుగు కుట్లు వేసింది. ఎవరో పిలిచినట్టు తలెత్తింది.

"ఆఁ, వస్తాండా అత్తా" అంది. గుడ్డలో సూది గుచ్చింది. స్తంభానికి ఆనుకుంది. అంతే.

ఇంట్లో ఎవరూ పిలవలేదు.

దినాలయ్యాక పెద్దకూతురు ఆ బొంత ముందేసుకుంది. మిగిలింది కుట్టేద్దామని సూది పట్టుకుంది. ఖాళీచోటు మీద తన చెయ్యి ఆన్చి చూసింది. అది తన చెయ్యి కంటే ఒక్క రవ్వ పెద్దది. తల్లి చెయ్యి అంత. ఇక ఆమెకు కుట్టడానికి మనసు రాలేదు. ఆ ఏడాది ఊళ్ళో పుట్టిన బిడ్డలందరూ ఆ బొంత మీదే, ఆ ఖాళీచోటే నిద్రపోయారు.

ఇప్పటికీ ఎర్రగుట్ట కింద పసిబిడ్డకు బొంత కుడితే నడిమధ్యలో అరచెయ్యంత వదిలేస్తారు. పొరుగూరి చుట్టాలు చూసి "అయ్యో, ఈడ కుట్టు మరిచిపోయినారే" అంటారు. మావాళ్ళు ఛాతీ విరుచుకుని చెబుతారు. "మరిచిపోలేదు. అది అక్కులమ్మ అరచెయ్యి."

మా ఊరి తల్లికి ఇంట్లో సవాలక్ష పనులు ఉంటాయి, బిడ్డ ఏమో చెయ్యి వదలదు. అప్పుడామె బిడ్డను ఆ చోట పడుకోబెడుతుంది. తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంటుంది. తీసుకుంటూ, తరతరాలుగా అందరూ అనే మాటే తనూ అంటుంది.

"అక్కులమ్మ చేతిలో ఉండు తల్లీ, నేను పొయ్యొస్తా."