తడి చేతికి అందిన మైకు

దస్తగిరికి ఆ మోత పెద్ద తలనొప్పి అయి కూర్చుంది. స్పీకర్లలోంచి తుమ్మెద రొదలాగా ఒకటే గుయ్యిమనే మోత.

గురువారం సాయంత్రం. పొద్దుగుంకాక చేసే మగ్రిబ్ నమాజు కాగానే, సూఫీ గురువు నూరుల్లా షా ఆశ్రమమైన ఖాన్ఖాలో ఖవ్వాలీ పాట మొదలవుతుంది. ఖలందర్ భాయి జబ్బు నుంచి లేచాక మళ్లీ పాడటం ఇదే మొదలు. గొంతు బాగా సన్నబడింది. ఆ మోత కింద అది వినిపించే మాటే లేదు. ఆ గొంతు వింటూ పెరిగిన దస్తగిరికి ప్రాణం ఉసూరుమంది.

ఐటీఐ చదివాడు గనక, సౌండు పని అంతా ఎవరూ అడక్కుండానే నెత్తినేసుకున్నాడు. మిక్సరు వసారాలో ఉంది, ఆంప్లిఫయరు సామాన్ల గదిలో ఉంది. చెరో బోర్డు నుంచి కరెంటు తీసుకోవడం వల్లే ఈ మోత అని అతనికి తెలుసు. రెంటినీ ఒకే బోర్డుకు తగిలిస్తే సరిపోతుంది. కానీ ఇప్పటికిప్పుడు అంత దూరం వైరెవరు లాగుతారు? రెండు ప్లగ్గులూ విప్పి, ఎర్త్ వైర్లు పీకేశాడు. మోత టక్కున ఆగింది.

"హజ్రత్! ఒకసారి వచ్చి వినండి," అని గురువుగారిని పిలిచాడు. మొహం వెలిగిపోతోంది.

నూరుల్లా షా నీళ్ల తొట్టి దగ్గర నమాజుకు ముందు కడుక్కునే వజూ చేసుకుని అప్పుడే లేచారు. కాళ్లూ చేతులూ ఇంకా తడిగానే ఉన్నాయి. అలాగే బండల మీద నడిచొచ్చి చెవి ఒగ్గి విన్నారు.

"శభాష్ బేటా. ఎట్లా ఆపినావు?"

"ఎర్త్ తీసేసినా హజ్రత్. ఈ పూటకే కదా, ఏం కాదు."

"ఎర్త్ దేనికి పెడతారు?"

"లోపల ఏదన్నా వైరు ఊడి డబ్బాకు తగిలితే, ఆ కరెంటు మైకు దాకా వచ్చి మనిషిని పట్టుకోకుండా నేలలోకి పోయేదానికి."

పెద్దాయన తలూపారు. తడి చెయ్యి చాచి మైకు అందుకోబోయారు.

"వద్దు హజ్రత్!"

దస్తగిరి ఒక్క అంగలో వెళ్లి ఆయన చొక్కా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

ఆయనకు కోపం రాలేదు. "ఖలందర్ కూడా పాడే ముందు వజూ చేసుకునే వస్తాడు కదా నాయనా," అన్నారు మెల్లగా. "ఆయనకూ ఇట్లానే అరిచి చెప్పేవాడివా?"

దస్తగిరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ గొంతు మీద ప్రేమతోనే చేశాడు. ఆ మనిషి తడి చేతులు మాత్రం గుర్తుకు రాలేదు.

మెయిన్ ఆపి, ఎర్త్ వైర్లు మళ్లీ గట్టిగా బిగించాడు. పొడుగాటి వైరు చుట్ట తెచ్చాడు. నూరుల్లా షా చేతులు తుడుచుకుని, ఆ చుట్ట పట్టుకుని వసారా పొడుగునా అతని వెనకే నడిచారు. చిక్కుపడ్డ చోటల్లా వంగి విప్పారు. "మీకెందుకు హజ్రత్ ఈ పని" అన్నా వినలేదు.

రెండూ ఒకే బోర్డుకు పెట్టాక దస్తగిరి మెయిన్ వేసి, మైకుకు టెస్టరు ఆనించి చూశాడు. వెలగలేదు. స్పీకర్లలో మోత కూడా లేదు.

నమాజు అయింది. పాటకు ముందు ఖలందర్ భాయి మళ్లీ తొట్టి దగ్గర కూర్చోవడం చూసి, దస్తగిరి కూడా వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు. కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. ఆయన కంటే ముందే తడి కాళ్లతో వచ్చి, మైకును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వచ్చాక తన చేతుల్లోంచే అందించాడు.

నూరుల్లా షా కాస్త జరిగి పక్కన చోటిచ్చారు.

"కూర్చో బేటా. ఇప్పుడు పాట విందాం."