తోలుసంచి మీద కూర్చున్న బాబా

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. సగంలో "అబ్బే, కోతలు" అంటే మాత్రం ఊరుకునేది లేదు!

ఆ ఎడారి ఎండ ఎలాంటిదనుకున్నారు? మిట్టమధ్యాహ్నం మనిషి నీడ కూడా భయపడి అతని కాళ్ళ కిందకి దూరిపోయేది. అలాంటి చోట మర్జూఖ్ బాబా, ఆయన్ని నమ్ముకున్న గుడారాలవాళ్ళు వాడుకునే బావి ఎండిపోయింది. ఇంకో బావికి ఒంటెల మీద ఒక పగలు ప్రయాణం. మిగిలినవల్లా తోలుసంచుల్లో, ఎలాగోలా గొంతు దిగే ఉప్పునీళ్ళే.

బాబా శిష్యుడు హమ్దాన్‌కి మాత్రం బెంగ లేదు. గాలిని ముక్కుతో చదివేవాడతను! ఏడాదంతా చావగొట్టే ఉత్తరపు పొడిగాలి ఆ ఉదయం ఆగింది. దక్షిణం నుంచి సముద్రపు చెమ్మ వాసన తగిలింది.

"గాలి తిరిగింది! సాయంత్రానికి వాన!"

ఆ కేకకి ఇసుకతిన్నెలు రెండు బారలు వెనక్కి జరిగాయి.

వచ్చింది మేఘం! కొండంత, నల్లగా! ఆడవాళ్ళు కుండలు పరిచారు. ముసలాళ్ళు తలపాగాలు విప్పి ఎగరేశారు.

"ఉప్పునీళ్ళు ఒంటెలకు పోసెయ్యండి! సంచుల్లో తియ్యటి నీళ్ళు పట్టాలి!" అంటూ హమ్దాన్ గుడారం గుడారానికీ పరిగెత్తాడు. ఒంటెలు పండగ చేసుకున్నాయి.

అన్నిటికంటే పెద్ద సంచి, రెండు ఒంటెలు కలిసి మోసేది, బాబా దగ్గరుంది. ఆయన దాని మూతికి ఇంకో ముడి బిగించి, దాని మీదే కూర్చున్నాడు.

"లేవండి బాబా! అదీ పోసేద్దాం."

"మెత్తగా ఉంది నాయనా. కాసేపు కూర్చోనీ."

పక్క గుడారం షమ్సా అవ్వ పకపకా నవ్వింది. "మీ గురువుకి వయసు మీదపడిందిరా హమ్దాన్, వదిలెయ్!"

అంతలో వాన మొదలైంది! మేఘం అంచు నుంచి బూడిదరంగు ధారలు తెరల్లా దిగుతున్నాయి. జనం కేకలేస్తూ చేతులు చాచారు. ధారలు సగం దూరం దిగాయి. అక్కడే పలచబడ్డాయి. అక్కడే మాయమయ్యాయి.

కింద నిప్పులాంటి గాలి. కుండల్లో చుక్క లేదు. మేఘం తన దారిన కొండలు దాటిపోయింది.

షమ్సా అవ్వ చంకలోని మనవరాలు నీళ్ళకోసం ఏడుపు అందుకుంది. హమ్దాన్‌ని ఎవరూ తిట్టలేదు. అదే అతన్ని ఎండకంటే ఎక్కువ కాల్చింది.

బాబా లేచి ముడి విప్పాడు. అందరికీ తలో నాలుగు గుక్కలు. మిగతాది ఆ రెండో బావి దాకా దారికి.

హమ్దాన్ తన వంతు ఆ పిల్ల గిన్నెలో పోశాడు. "నా అంచనా ఎక్కడ తప్పింది బాబా?"

"తప్పలేదు. వాన పడింది. మనకంటే ముందు గాలి తాగేసింది. దానికీ దాహమేగా."

హమ్దాన్ సంచి మూతి మళ్ళీ బిగించాడు. ఆ సంచిని ఒక్కడే వీపుకెత్తుకుని, ఒంటెల ముందు నడిచాడు.

కోతలంటారా? ఆ గిన్నెలో నీళ్ళు తాగిన పిల్ల ఇప్పుడు ముసలిదై, వాళ్ళు చేరిన ఆ రెండో బావి దగ్గరే ఉంది. పేరు నౌరా. వెళ్ళి అడగండి!