దివాన్‌గారి చేతిలో తాడు

రేవులపాడు సంస్థానంలో దివాన్ సూరపరాజుగారు వంకపెట్టని పని లేదు. ఆయన వంకపెట్టాక ఆ పనివాడు ఊళ్ళో నిలిచిందీ లేదు.

రాజావారి తాతగారి నాటి మోటారు కారుకి ముందు అద్దం బిగించే పని, గుర్రపు జీనులు కుట్టే మస్తాను మీద పడింది. పట్నం పనివాళ్ళు గుద్ది గుద్ది రెండద్దాలు పగలగొట్టి పోయారు. ఇక మిగిలింది ఒక్కటే.

"చుక్క నీరు లోపలికి దిగిందో, రేపు నువ్వు ఊళ్ళో ఉండవు" అన్నారు దివాన్‌గారు.

"దిగిందో లేదో చెప్పేదెవరు దొరా?"

"నేనే!"

మస్తాను అద్దం చుట్టూ రబ్బరు పట్టీ తొడిగాడు. పట్టీ గాడిలో సన్నతాడు పొదిగి, సబ్బునీళ్ళు రాసి, అద్దాన్ని బయటినుంచి ఆనించి పట్టుకున్నాడు. తాడు కొసలు కారు లోపల వేలాడాయి.

"నాకున్నవి రెండే చేతులు దొరా. తమరు లోపల కూర్చుని ఆ తాడు మెల్లగా లాగాలి."

రాజావారు చూస్తున్నారు. దివాన్‌గారు కాదనలేక లాగారు. తాడు వచ్చినకొద్దీ రబ్బరు అంచు లోపలికి తిరగబడి, దూడ పొదుగు అందుకున్నట్టు ఇనుప చట్రాన్ని పట్టుకుంది. సుత్తి దెబ్బ లేదు, చప్పుడు లేదు. అద్దం తన చోటు తనకి తెలిసినట్టు కూర్చుంది.

పది బిందెల నీళ్ళు కుమ్మరించారు. చుక్క కూడా లోపలికి దిగలేదు.

"వంకేమైనా ఉందా దివాన్‌గారూ?" అన్నారు రాజావారు.

ఆయన అద్దాన్ని చూశారు. చేతిలో తాడుని చూసుకున్నారు.

"ఇంత చక్కటి పని నా జన్మలో చూడలేదు ప్రభూ!"

రాజావారు పకపకా నవ్వారు. "మస్తానూ, ఏం కావాలో కోరుకో."

"ఆ తాడు దివాన్‌గారి దగ్గరే ఉండనివ్వండి ప్రభూ. ఇకమీదట ఎవరి పనికైనా వంకపెట్టే ముందు, ఒక కొస తామూ లాగి చూస్తారు."